చెవుల మాస్టారి తీర్పు

చెవి ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేసే ఆయన్ని అందరూ చెవుల మాస్టారు అంటారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. కానీ ఎక్కడైనా పాట వినపడితే చాలు, పక్కన ఎవరు దొరికితే వాళ్లకి పాఠం మొదలయ్యేది. పేరు పెట్టినవాళ్లు వెక్కిరింపుగానే పెట్టారు. ఆయన మాత్రం బిరుదులా పుచ్చుకున్నాడు.

ఆయనకి నచ్చే సంగీతం వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. పదిమంది ఒక్క మైకు ముందు కూర్చుని ఒకేసారి వాయించి పాడిన పాత రికార్డులు కావాలి. వయొలిన్ కమాను తీగని తాకగానే వచ్చే గరగర వినపడాలి. గాయని చరణానికి ముందు పీల్చే ఊపిరి వినపడాలి. అవి ఉంటే పాట, లేకపోతే సరుకు.

"ఇప్పుడు పాడేదెవరు? కంప్యూటరు. గొంతుని ఇస్త్రీ చేస్తారు, ఊపిరి కత్తిరించేస్తారు, ఒకసారి పాడిన పల్లవినే నాలుగుచోట్ల అతికిస్తారు. దానికి ముగ్గురు మేనేజర్లు, ఒక అవార్డు! టీవీ పోటీల్లో జడ్జీలయితే కెమెరా ఎప్పుడు తిరిగితే అప్పుడే ఏడుస్తారు," అని క్యాంటీన్‌లో టీ చల్లారిపోయేదాకా తూర్పారబట్టేవాడు. అందులో చాలావరకు నిజమే. అందుకే ఆయన నోరు మూయించడం ఎవరివల్లా కాలేదు.

ఏడెనిమిదేళ్లుగా ఆయనకి ఇంకో కొత్త ఫిర్యాదు పట్టుకుంది. కంపెనీలవాళ్లు పాటల్లో మెరుపు కోసేస్తున్నారట. తాళాల గలగల లేదు, 'స' అన్న అక్షరం మొద్దుబారిపోయింది, అంతా దుప్పటి కప్పుకుని పాడినట్టుందని గోల. ఇంట్లో దాచుకున్న పాత డిస్కు కూడా అలాగే వినపడితే, డిస్కు అరిగిపోయిందన్నాడు. తను అరగొచ్చన్న ఊహ మాత్రం ఆ మహానుభావుడికి రాలేదు.

ఈ గోల క్యాంటీన్‌తో ఆగిపోతే ఎవరికీ నష్టం లేకపోయేది. కానీ ఆయనకో కూతురుంది. పగలు ఇన్సూరెన్స్ ఆఫీసులో పని, సెలవురోజుల్లో పాట. బాగా పాడుతుంది. రెండేళ్లు కష్టపడి తనే ఒక పాట కట్టుకుని, చిన్న స్టూడియోలో పాడి, మొదట తండ్రికే వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని ఒకటిన్నర నిమిషం విని పెదవి విరిచాడు.

"గొంతు బాగానే ఉందమ్మా. మీ రికార్డింగ్ మహాశయుడు దాన్ని గోనెసంచిలో కట్టేశాడు. మెరుపేదీ?"

రికార్డింగ్ చేసినతను లబోదిబోమన్నాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయని మొత్తుకున్నాడు. ఆ అమ్మాయి వినలేదు. "మా నాన్న ఇరవై ఆరేళ్లుగా చెవులు పరీక్ష చేస్తున్నారు. మీకంటే ఆయనకే తెలుసు," అంది. మెరుపు పెంచారు. మాస్టారు చాలదన్నాడు. మళ్లీ పెంచారు. మూడోసారి ఆయన కుర్చీలోంచి లేచి, "ఇదీ పాటంటే! చాలా ఏళ్ల తర్వాత పాట విన్నాను," అన్నాడు. కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి.

పాట బయటికొచ్చింది. విన్నవాళ్లు చెవులు మూసుకున్నారు. 'స' వచ్చిన ప్రతిచోటా పళ్లెం మీద గరిటె గీసినట్టుందని ఒకరు రాశారు, తలనొప్పి మాత్ర కూడా ఇవ్వండని ఇంకొకరు. వారం వారం కొత్త గొంతుల్ని పరిచయం చేసే రేడియో కార్యక్రమం వాళ్లు మాత్రం మర్యాదగా ఉత్తరం రాశారు. గొంతు నచ్చింది, ఈ కీచుదనం తగ్గించి శనివారంలోగా పంపితే వేస్తాం అన్నారు. ఆ అమ్మాయికి అంతకంటే మంచి అవకాశం వచ్చింది లేదు, వస్తుందన్న నమ్మకమూ లేదు.

మాస్టారు ఒంటికాలిమీద లేచాడు. "వాళ్లకి చెవులుంటే కదా! ఒక్క గీత కూడా తగ్గించకు. ఈ కంపెనీల ముందు మనం తల వంచేదేంటి?" ఆ అమ్మాయి తల వంచలేదు, పాట మార్చి పంపలేదు. ఆఫీసుకెళ్లి వస్తోంది, అన్నం ముందు కూర్చుని లేస్తోంది, అంతే.

శుక్రవారం పొద్దున ఆసుపత్రిలో కొత్త యంత్రం దిగింది. రోజూ పని మొదలుపెట్టేముందు పరీక్ష చేసేవాళ్లు హెడ్‌ఫోన్లు తామే పెట్టుకుని, బొంగురు శబ్దం నుంచి కీచు శబ్దం దాకా అన్నీ విని సరిచూసుకోవాలి. మాస్టారికి పాత యంత్రంలో చివరి కీచు శబ్దం కొన్నేళ్లుగా సరిగ్గా పలకలేదు. హెడ్‌ఫోన్లు రెండుసార్లు మార్పించాడు, చివరికి యంత్రమే దండగదని రాసి కొత్తది తెప్పించాడు. ఇప్పుడు కొత్తదీ పలకలేదు. మీట పెంచాడు, ఇంకా పెంచాడు. "ఈ కంపెనీవాళ్లూ దొంగలే," అని గొణుక్కుంటూ హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టి, తీగ ఊడిందేమోనని వంగి చూడసాగాడు.

ఫైళ్లు పట్టుకుని లోపలికొచ్చిన రిసెప్షనిస్టు గుమ్మంలోనే ఆగిపోయింది. "అబ్బా, ఏంటి సార్ ఆ కీచు? కట్టేయండి, చెవులు పోతున్నాయి!"

"ఏ కీచు?"

ఆమె బల్లమీది హెడ్‌ఫోన్ల వైపు వేలు చూపించింది. మాస్టారు వాటిని మళ్లీ చెవికి ఆనించి చూశాడు, ఏమీ వినపడలేదు.

మీట ఎలా తిప్పాలో ఆమెకి చూపించి, తను హెడ్‌ఫోన్లు పెట్టుకుని అద్దాల గదిలోకి వెళ్లి రోగులు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. శబ్దం వినపడితే బొత్తాం నొక్కాలి. కొంతమంది రోగులు అద్దంలోంచి మీట మీది చెయ్యి చూసి, వినకుండానే నొక్కేస్తుంటారు. వాళ్లని ఆయన ఎన్నిసార్లు కసురుకున్నాడో లెక్కలేదు. ఆ పొద్దున తనూ అదే చేశాడు. ఆమె చెయ్యి కదలగానే నొక్కాడు, మళ్లీ నొక్కాడు. తర్వాత సిగ్గేసి, కుర్చీని గోడవైపు తిప్పుకున్నాడు. బొంగురు శబ్దాలు దాటాక ఇక బొత్తాం నొక్కే పని పెద్దగా పడలేదు.

పరీక్ష కాగితం మీద గీత సగందాకా తిన్నగా వచ్చి, ఆపైన కీచు శబ్దాల దగ్గర కిందికి జారిపోయింది. అలాంటి గీతల్ని వేలమందికి చూపించి, "వయసండీ, అంతే," అని చేతులు దులుపుకున్న మనిషి, ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని మధ్యాహ్నమే ఇంటికి బయల్దేరాడు. దారిపొడవునా ఒకటే ఆలోచన. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. చెప్తే ఇన్నేళ్లూ తిట్టిన తిట్లన్నీ తిరిగి తనమీదే పడతాయి. ఒక దశలో బస్సులోంచి దిగకుండా ఉండిపోదామనుకున్నాడు కూడా, అంత పిరికివాడు.

కూతురు సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. ఆయన కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఎవరిది నాన్నా?"

"నాదే. పాట చెడింది నావల్లనమ్మా. వాళ్లు చెప్పిందే నిజం."

ఆ అమ్మాయి కాగితం మీద జారిపోయిన గీత వెంట చివరిదాకా వేలు పోనిచ్చింది. అరిచి ఉంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది. అరవలేదు. ఫోన్ తీసి వెతికింది.

"మొదటిది ఇంకా ఉంది. అదే పంపించేస్తా."

"పంపు."

పంపేముందు, అలవాటు కొద్దీ ఆయన వైపు తిరిగింది. "అది ఎలా ఉంది నాన్నా? నిజం చెప్పు."

చెవుల మాస్టారు కాగితం వైపు వేలు చూపించాడు. "నాకు తెలీదమ్మా," అన్నాడు. "నేను దాన్ని వినలేదు."