రెండో సీడీలో ఈదిన తెల్లెద్దు

నిన్న గరిడేపల్లి దారిలో వరిపొలం మధ్య, పిట్టలు బెదరడానికి కట్టిన పాత సీడీ ఒకటి ఎండకు తళుక్కుమంది. గుర్తుందా మీకు? నోటితో ఊది, కొంగుతో మధ్య నుంచి అంచుకు తుడిచి, మళ్లీ ప్లేయర్‌లో పెట్టేవాళ్లం కదా!

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే సినిమా, రెండు సీడీలు. నాన్న కోదాడ బస్టాండు దగ్గర కొన్నాడు. రెండో సీడీలో, వరదకు కొట్టుకుపోతున్న పాప కోసం హీరో కాలువలో దూకగానే బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరి ఆగిపోయేది. ఎన్నిసార్లు పెట్టినా అక్కడే. అప్పుడు అమ్మ బియ్యం చెరుగుతూ మిగతా కథ చెప్పేది.

"ఇగ తెల్లెద్దు ఈదుకుంట వస్తది. పిల్ల దాని కొమ్ము పట్టుకుంటది, సూడుండ్రి."

ఆగిపోయిన టీవీని చూస్తూనే మేం ఏడ్చేవాళ్లం.

నిన్న ఇంటికొచ్చి టీవీలో ఆ సినిమా వెతికితే చిటికెలో దొరికింది. ఆ చోటు రాగానే ఊపిరి బిగబట్టాను. ఆగలేదు. హీరోయే ఈదుకుంటూ వెళ్లి పాపను ఒడ్డుకు చేర్చాడు. సినిమా మొత్తంలో ఎద్దే లేదు!

అమ్మకు ఫోన్ చేశాను. "అమ్మా, సినిమాల ఎద్దే లేదు గదనే!"

అమ్మ పకపకా నవ్వింది. "నాకేం ఎరుక బిడ్డా? నేను గూడ మీతోటి ఆడిదాంకనే సూసిన గదా."

ఇన్నేళ్లుగా నా కళ్ల ముందు ఈదుతున్న ఎద్దును అమ్మ చేట పట్టుకుని, అప్పటికప్పుడు పుట్టించిందన్నమాట.

ఇంతలో అమ్మ నవ్వు ఆపి, మెల్లగా అడిగింది.

"ఇంతకీ ఆ పిల్ల బతికిందా?"