సర్పగంధికి గాజు

కోటవురట్ల దారిలో బస్సు చెడిపోయిన ఆ వానాకాలపు ఉదయం ఇప్పటికీ నాకు కలలాగే గుర్తొస్తుంది. పక్క సీటులో కూర్చున్న సన్నాసమ్మ అనే పెద్దావిడ నా చేతుల వంక చూసి, "మట్టిగాజులే కదా? ఓపాలి నాతో రా అమ్మా," అంటూ రోడ్డు పక్కనున్న కొండ అడుగున అడవిలోకి తీసుకెళ్లింది.

లోపల వెలుతురు పచ్చగా, నీళ్ల అడుగున ఉన్నట్టుగా ఉంది. పెద్ద చెట్ల నీడలో మోకాలెత్తు మొక్కలు కొన్ని కనిపించాయి. ఒక్కోదాని కాడకి ఒక్కో గాజు ఉంది.

"సర్పగంధి. మందుకని వేరు కోసరం తవ్వుకుపోతన్నారు, మా కొండకి మిగిలినియ్యి ఇయ్యే. కాయ మీదున్న మొక్క కడుపుతో ఉన్నట్టే కదా, సీమంతానికిలాగ గాజు తొడుగుతాం. అది సూత్తే ఎవుడూ గునపం ఎయ్యడు."

తాజాగా తవ్విన గొయ్యి పక్కన, పచ్చికాయలతో ఉన్న ఒక మొక్కకి మాత్రం గాజు లేదు. నేను ఒకటి తీసి ఇవ్వబోయాను. ఆవిడ అందుకోలేదు.

"ఆయన పోయేక నాను తొడక్కూడదమ్మా. నువ్వే తొడుగు."

నాకు చేతకాలేదు. ఆకులు అడ్డొచ్చాయి, నలిగిపోతాయేమోనని భయం వేసింది. సన్నాసమ్మ కాసేపు చూసింది. రోడ్డు వైపు ఒకసారి తిరిగి చూసి, నా చేతిలోంచి గాజు తీసుకుంది. గాజులమ్మే మనిషి మన వేళ్లను దగ్గరికి నొక్కినట్టు ఆకులన్నీ కూడదీసి పట్టుకుని, మెల్లగా కిందికి జార్చింది.

"నొప్పెట్టిందేటమ్మా?" అని అడిగింది, మొక్కని.