రేడియోలో గీసిన గీత

జడ్చర్లలో జాకెట్లు కుట్టే అమీరున్నీసాకు నలభై దగ్గర పడ్డాక డిగ్రీ చదవాలని పట్టుదల పుట్టింది. పుడితే తప్పేముంది? ఏడో తరగతిలో బడి మాన్పించింది ఇంట్లోవాళ్ళు, ఆమె కాదు గదా! పది పాసవకపోయినా దూరవిద్యలో చేరొచ్చు, పాఠాలు రేడియోలో వస్తాయి, ఆదివారాలు పాలమూరు కాలేజీలో సార్లు ఎదురుగా కూర్చోబెట్టి చెబుతారంటే నమ్మి చేరింది. అన్నీ గట్టెక్కాయి గాని అర్థశాస్త్రం రెండుసార్లు తప్పింది. ఈసారీ పోతే ఇక చదువు ఊసెత్తొద్దని మొగుడు ఖుద్దూస్ ఖరాఖండిగా చెప్పేశాడు.

రేడియో పాఠం మొదలవగానే మిషను ఆపి చెవులు రిక్కించేది. ఆ రోజు అందులో అర్థశాస్త్రం చెప్పే పెద్దమనిషి, "ఈ గీత చూడండి, ఎడమ నుంచి కుడికి ఎలా దిగుతోందో!" అన్నాడు. రేడియోలో చూడడమేమిటి, వాళ్ళ మొహం! చూద్దామంటే ఆ అర్థశాస్త్రం పుస్తకం ఒక్కటీ ఇప్పటికీ పోస్టులో రానేలేదు. పైగా చివర్న, "సందేహాలుంటే ఆదివారం మీ సారును అడగండి" అని చేతులు దులుపుకున్నాడు.

సరే, అడుగుదామని ఆదివారం బస్సెక్కింది. అర్థశాస్త్రం చెప్పాల్సిన రఘుపతి సారు హాజరు పిలిచి, గడియారం చూసుకుని పోవడానికి లేచాడు.

"సార్, జర గా గీత గీసి చూపెట్టుండ్రి. ధర పెరిగితే కొనుడు ఎందుకు తగ్గుతదో, గీత ఎట్ల దిగుతదో తెల్వక రెండుసార్లు తప్పిన."

"రేడియోల చెప్పిండ్రు గదమ్మా! మళ్ల నేనెందుకు?"

కుక్కకు పని చెబితే కుక్క తన తోకకు చెప్పిందట! అమీరున్నీసాకు అరికాలి మంట నెత్తికెక్కింది. విసవిసా వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"రేడియో మిమ్ముల అడగమంటది, మీరు రేడియోను చూపెడ్తరు. ఎదురడిగితే రేడియో పలుకుతదా సార్? మనిషైతే పలుకుతడనే గదా, కుట్టేటియి గట్లనే ఇడిసిపెట్టి వచ్చిన! గీత గీసినంకనే జరుగుత."

పోదామని లేచినవాళ్ళంతా మళ్ళీ బెంచీల మీద కూర్చున్నారు. దవాఖానలో నర్సుగా పనిచేసే శ్యామలమ్మ, "నాక్కూడా తెల్వలే సార్" అంది.

రఘుపతి మొహం కందగడ్డ అయింది. సుద్దముక్క తీసి గీత గీశాడు. బియ్యం ధర పెరిగితే ఎవరు ఎంత కొంటారో వాళ్ళనే అడుగుతూ, మెల్లగా చెప్పాడు. బాగా చెప్పాడు. ఇంత బాగా చెప్పగలిగినవాడు ఇన్నాళ్ళూ నోరెందుకు కట్టేసుకున్నాడని ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది.

చేతుల సుద్ద దులుపుకుంటూ ఆయన, "ఇన్నేండ్ల సంది గీ తరగతిల నన్నెవ్వరు ఒక్క మాట అడగలేదమ్మా" అన్నాడు.

"అడిగేదాక మీరెన్నడన్న ఆగిండ్రా సార్?" అంది అమీరున్నీసా.