ఆనెకాయతో సహా పోతపోసిన పెడల్

తాతయ్యకు రాని పని లేదు, పూర్తిగా వచ్చిన పనీ లేదు. బస్సు డిపోలో టైర్లు మార్చి రిటైరయ్యాక పెరట్లో అల్యూమినియం పోతపని మొదలుపెట్టాడు. కావలసిన వస్తువును థర్మాకోల్‌తో చెక్కి, పొడి ఇసుకలో పాతి, కరిగిన లోహం పోస్తాడు. థర్మాకోల్ ఆవిరైపోతుంది, దాని చోట్లో లోహం కూర్చుంటుంది. అలా ఇంతవరకు పుట్టినవి ఏ తలుపుకూ పట్టని గడియ, ఓ ఏనుగు.

ఇంతలో నాయనమ్మ కుట్టుమిషను పెడల్ విరిగింది. అలాంటిది బజార్లో దొరకలేదు. ఆదివారానికి బాగవకపోతే మిషను పాతసామాన్లవాడికిచ్చి, కరెంటుది తెస్తానన్నాడు కొడుకు.

"కాళ్లాడకపోతే నాకు చేతులాడవురా" అంది నాయనమ్మ బిక్కమొహంతో.

"నేను పోస్తానుగా!" అన్నాడు తాతయ్య.

"మీరా? మీ ఏనుగును చూసి పాలవాడు పందికి మూతి బాగా కుదిరిందన్నాడు!"

తాతయ్య వింటేనా! వంటింట్లో అల్యూమినియం గిన్నెలు మాయం కాసాగాయి.

"మామయ్యా, పాలగిన్నె ఏదండీ?" అంది కోడలు.

"దానికి ప్రమోషనొచ్చిందమ్మా."

ఆదివారం పొద్దున్నే థర్మాకోల్ పెడల్ తయారైంది. తాతయ్య బొగ్గులు రాజేస్తుంటే నాయనమ్మ ఆగలేక, సరిపోతుందో లేదోనని దాని మీద కాలు వేసి గట్టిగా నొక్కింది. అది కసుక్కుమంది. నాయనమ్మ గప్‌చుప్‌గా తప్పుకుంది. కళ్లజోడు నెత్తిమీదున్న తాతయ్య దాన్ని అలాగే పాతి, లోహం పోశాడు. నల్లటి పొగకు పక్కింటావిడ కిటికీలన్నీ దబదబా మూసుకుంది.

చల్లారాక ఇసుక దులిపి చూస్తే, పెడల్ నిండా పాదం! మడమ, అయిదు వేళ్లు, చిటికెనవేలి మీది ఆనెకాయతో సహా.

"ఇదెవరి కాలే?"

"ఏ దెయ్యానిదో!"

"దెయ్యానికి ఆనెకాయలుంటాయా?"

"మీతో కాపురం చేస్తే దానికైనా వస్తాయి."

పెడల్ బిగించారు. కొడుకు తొక్కిచూస్తే అతని కాలు ఆ గుంటలో పట్టక జారిపోయింది. "చూశారా, పనికిరాదు" అన్నాడు. వీధిలో పాతసామాన్లవాడి కేక వినిపించింది. నాయనమ్మ కొడుకును పక్కకు నెట్టి కూర్చుంది. పాదం గుంటలో అచ్చుగుద్దినట్టు ఒదిగింది. మిషను పరుగందుకుంది.

పాతసామాన్లవాడు గుమ్మంలోకొచ్చి, "ఏవండీ, మిషను ఇస్తామన్నారట?" అన్నాడు.

కొడుకు చొక్కా విప్పి తల్లి ఒళ్లో వేశాడు.

"చంక దగ్గర చినిగిందే అమ్మా. ముందిది చూడు."