ఎర్రబారని కత్తి

కరోనాకు ముందు సంవత్సరం, వర్షాకాలం. తుని మార్కెట్ వీధిలో నాకు ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉండేది. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి ఈ వ్యాపారంలోకి వచ్చినవాణ్ణి కనుక, రైతులు మందుతో పాటు అది ఎలా పనిచేస్తుందో కూడా అడిగి తెలుసుకుని వెళ్ళేవారు. దుకాణం మూసేశాక ఈమధ్య తీరిగ్గా పాత డైరీలు తిరగేస్తుంటే వీర్రాజు గారి తమలపాకు తోట సంగతి దగ్గర ఆగిపోయాను. ఆ రోజుల్లో అందరినీ ఎవరో ఒకరు అనుమానించారు. నన్ను కూడా.

ముందు మందు గురించి చెప్పాలి. వానలకు తమలపాకు తీగ మొదలు కుళ్ళుతుంది, ఆకుల మీద మచ్చలు పడతాయి. దానికి పాతకాలం నుంచీ వాడేది బోర్డో మిశ్రమం. ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో మైలుతుత్తం, అంటే నీలంగా ఉండే కాపర్ సల్ఫేటు కరిగిస్తారు. ఇంకో డ్రమ్ములో సున్నపు నీళ్ళు. రెండూ కలిపితే లోపలి పదార్థాలు జోడీలు మార్చుకుంటాయి. పదో తరగతి పుస్తకంలో దీన్నే ద్వంద్వ వియోగం అంటారు. రాగి అంతా లేత నీలం రంగు మడ్డిలో చిక్కుకుని, ఆకుకు హాని చేయకుండా తెగులును ఆపుతుంది. సున్నం చాలకపోతే మాత్రం కొంత రాగి విడిగా మిగిలిపోయి ఆకును మాడ్చేస్తుంది.

అందుకే పిచికారీకి ముందు ఇనుప కొడవలిని మందులో ముంచి చూడటం తోటల్లో ఆనవాయితీ. విడి రాగి ఉంటే, ఇనుము కొద్దిగా కరిగి దాని చోట్లో రాగి వచ్చి కూర్చుంటుంది. ఇది స్థానభ్రంశం. కొడవలి ఎర్రబారితే ఇంకాస్త సున్నం కలపాలి. ఎర్రబారకపోతే మందు కొట్టుకోవచ్చు.

ఒక సాయంత్రం వీర్రాజు గారు వచ్చి నా బల్ల మీద గుప్పెడు ఆకులు పోశారు. అంచులన్నీ నిప్పు తగిలినట్టు నల్లగా మాడిపోయి ఉన్నాయి.

"ఏంటండీ మూర్తిగారూ ఇది? మైలుతుత్తంలో ఏం కలిపి అమ్మారు?"

"అదే బస్తాలోంచి మీ ఊళ్ళో ఇంకో ఇద్దరు ముగ్గురు పట్టుకెళ్ళారండీ. వాళ్ళ తోటలు ఎలా ఉన్నాయి?"

"నిక్షేపంలా ఉన్నాయి. అదేగా నా ఏడుపు!"

నాకూ లోపల కొంత శంక ఉంది. మైలుతుత్తంలో చవకగా దొరికే అన్నభేది అనే ఇనుప లవణం కలిపి అంటగట్టే టోకు వర్తకులు లేకపోలేదు. కానీ మిగతా తోటలు బాగున్నాయంటే సరుకులో తప్పు లేదన్నమాట. ఆ సంగతి ఆయనకూ తట్టినట్టుంది, గొంతు తగ్గించారు.

"మీరు కాకపోతే ఇంక అప్పారావే. పక్కతోట సూర్నారాయణ వాడి చెయ్యి తడిపుంటాడు. గట్టు తగాదా తెలుసు కదా మీకు? రేపు పోలీసు స్టేషనుకి వెళ్తున్నాను. ఫిర్యాదు కూడా రాయించేశాను." చొక్కా జేబు తట్టి చూపించారు.

అప్పారావు ఆయన తోటలో చాలాకాలంగా మందు కొట్టే మనిషి. భార్యతో కలిసి ఆ తోటలోనే పాక వేసుకుని ఉంటాడు. ఆకుతోటలో విషం కలిపాడన్న మాట ఒకసారి స్టేషను దాకా వెళితే, నిజమైనా కాకపోయినా, ఆ చుట్టుపక్కల ఎవరూ అతన్ని డ్రమ్ము ముట్టుకోనివ్వరు. పనితో పాటు పాక కూడా పోతుంది.

"స్టేషనుకి వెళ్ళేముందు పొద్దున్నే నన్నొకసారి తోట చూడనివ్వండి" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "మీరెందుకండీ అంత కంగారు పడుతున్నారు?" అన్నారు. ఆ మాటతో నేను మళ్ళీ ముద్దాయిల్లోకి వెళ్ళిపోయానని అర్థమైంది. అయినా రమ్మన్నారు.

మర్నాడు తోటలోకి వెళ్ళేసరికి అప్పారావు అవిసె చెట్టుకు ఆనుకుని, తల దించుకుని నిలబడి ఉన్నాడు.

"ఎలా కలిపావు అప్పారావూ?"

"ఆయ్, ఎప్పుడూ కలిపినట్టేనండి. బాబుగారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. సున్నం నన్ను ముట్టుకోనివ్వలేదండి, వారే కొలిచి పోశారు."

"ముట్టుకోనిస్తే ఇంకేం కలిపేవాడివో!" అన్నారు వీర్రాజు గారు.

"మీరు కళ్ళప్పగించి చూస్తుండగానే విషం కలిపేశానంటున్నారు కదండీ. నా దగ్గర అంత గారడీ విద్యే ఉంటే ఈ డ్రమ్ములు మొయ్యడం దేనికండి, సంతలో ఆట కట్టుకోనా?"

మాట పెరక్కుండా నేను అడ్డం వచ్చాను. "కొడవలి ముంచి చూశారా?"

"చూడకుండా ఎలా కొడతామండీ? తళతళలాడింది. నేనే ముంచాను. వీడి కొడవలిని నమ్ముతామా, ఏ నూనో రాసుకొస్తాడు! ఇంట్లోంచి నా కత్తి తెచ్చుకున్నాను."

ఆ కత్తి చూడాలన్నాను. తోటను ఆనుకునే వాళ్ళ ఇల్లు. ఆయన భార్య సత్యవతి గారు వంటింట్లోంచి తెచ్చి ఇచ్చారు. "తొందరగా ఇచ్చెయ్యండి అన్నయ్యగారూ, బెండకాయలు సగం తరిగి వదిలేశాను."

మెరిసిపోతున్న కొత్త స్టీలు కత్తి. దాన్ని చూడగానే సగం సంగతి తెలిసిపోయింది. ఒక ప్లాస్టిక్ మగ్గులో మైలుతుత్తం ఒక్కటే కరిగించాను. సున్నం చుక్క కూడా వేయలేదు. అందులో స్టీలు కత్తినీ, అప్పారావు కొడవలినీ పక్కపక్కనే ముంచి, కాసేపుంచి తీశాను. కొడవలి కొత్త రాగి చెంబులా ఎర్రగా వచ్చింది. కత్తి మాత్రం ఎలా వెళ్ళిందో అలాగే మెరుస్తూ వచ్చింది.

"ఏం రాశావురా కొడవలికి?" అన్నారు వీర్రాజు గారు వెంటనే.

సత్యవతి గారు ఆపుకోలేక నవ్వేశారు. నేను విడమరిచి చెప్పాను. స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం ఉంటుంది. అది పైన పల్చటి పొరలా ఏర్పడి లోపలి ఇనుమును కాపాడుతుంది. తుప్పు పట్టనివ్వదు, ఈ స్థానభ్రంశమూ జరగనివ్వదు. వచ్చినదాన్నల్లా బాగుందని చెప్పే కత్తి అది.

"మరి సున్నం నేను తక్కువ పొయ్యలేదు కదండీ?"

"ఆ సున్నం చూపించండి."

ఆయన తన గదిలోకి తీసుకెళ్ళి మంచం కిందనుంచి ఒక గోనెసంచి లాగారు. సముద్రపొడ్డు నుంచి వచ్చే పోలమ్మ దగ్గర కొన్న గుల్ల సున్నం. వానాకాలంలో ఆవిడ బూడిద కలుపుతుందన్న అనుమానంతో నిరుడు ఎండాకాలంలోనే కొనేసి, పనివాళ్ళు పట్టుకుపోతారన్న అనుమానంతో మంచం కింద దాచారట.

పోలమ్మ వాళ్ళు గుల్లల్ని బట్టీలో కాలిస్తే వాటిలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) పోయి సున్నం మిగులుతుంది. అది వియోగం. ఆ తాజా సున్నం మీద నీళ్ళు పోస్తే రెండూ కలిసి కుతకుత ఉడుకుతాయి. అది సంయోగం. కానీ గాలి తగిలేలా ఎక్కువకాలం ఉంచితే, సున్నం గాలిలోని తేమనూ ఆ వాయువునూ మెల్లగా పీల్చుకుని, గుల్ల ఏ పదార్థమో మళ్ళీ అదే అయిపోతుంది. చూడ్డానికి తెల్లగానే ఉంటుంది, సున్నంలా పనిచేయదు.

ఒక గిన్నెలో ఆ పొడి వేసి నీళ్ళు పోశాను. ఉడకలేదు సరికదా, గిన్నె వెచ్చబడను కూడా లేదు. ఇంకాస్త పొడి మీద నిమ్మకాయ పిండితే బుసబుసమని నురగ వచ్చింది. పీల్చుకున్న వాయువు బయటికి వస్తోందన్నమాట.

"చచ్చిన సున్నమండీ ఇది. సగానికి సగం సుద్ద. అందుకే రాగి విడిగా మిగిలి ఆకు మాడింది. ఇందులో ఎవరి చెయ్యీ లేదు."

"నన్ను ఆ మంచం కింద చీపురు కూడా పెట్టనివ్వలేదు అన్నయ్యగారూ, ఎక్కడ తరిగిపోతుందోనని!" అన్నారు సత్యవతి గారు.

 వీర్రాజు గారు జేబులోంచి ఫిర్యాదు కాగితం తీశారు. చించుతారనుకున్నాను. మడత సరిచేసి, "ఎందుకైనా మంచిది, ఉండనీ" అని మళ్ళీ జేబులో పెట్టుకోబోయారు. సత్యవతి గారు చటుక్కున లాక్కుని, పెరట్లో నీళ్ళు కాగుతున్న కట్టెల పొయ్యిలో వేసేశారు. దహనం కూడా రసాయన చర్యే. ఆ రోజు చూసినవాటిలో నాకు బాగా నచ్చింది అదే.

"సరేలే, కొత్త సున్నం వచ్చాక మళ్ళీ కలుపుదువుగానీ" అన్నారు వీర్రాజు గారు, అప్పారావు మొహం చూడకుండా. "ఆయ్, అలాగేనండి" అన్నాడతను. ఎర్రబారిన కొడవలిని గట్టు మీద ఇసకతో తోముకోసాగాడు.

కొత్త సున్నంతో కొట్టాక తోట కోలుకుంది. అప్పటినుంచి దుకాణం మూసేదాకా, మైలుతుత్తం కొన్న ప్రతి రైతు చేతిలోనూ ఒక ఇనుప మేకు పెట్టేవాణ్ణి. ఆ కేసు నాకు నేర్పిందొకటే. ఏది ముంచినా 'బాగుంది' అనే కత్తి ఎందుకూ పనికిరాదు. ఎవరిని చూసినా 'దొంగ' అనే మనసూ అంతే. రెండూ ముందే ఒక జవాబు పెట్టుకుని కూర్చుంటాయి.

ఆ వానలు వెనకబట్టాక అప్పారావు పాక విప్పుకుని వెళ్ళిపోయాడు. సూర్నారాయణ తన తోటలో చోటిచ్చి, పని కూడా ఇచ్చాడు. ఆ కబురు వీర్రాజు గారే దుకాణానికి వచ్చి చెప్పారు. ఆయన మొహంలో బాధ లేదు, గెలిచిన కళ ఉంది.

"చూశారా మూర్తిగారూ? వాడు సూర్నారాయణ మనిషేనని నేను అప్పుడే చెప్పలేదూ?"