ట వత్తు పెట్టించిన టీచరమ్మ

"టీచరమ్మ పోయింది బిడ్డా. పొద్దుగాల నిద్రలనే. నేను బయలెల్లుతున్న, నువ్వు సీదా ఆడికే రా."

మొన్న ఉదయం, ఇప్పుడు తనుంటున్న బడంగ్‌పేట్ నుంచి అమ్మ పంపిన మెసేజ్ ఇది. ఫోన్ చేస్తే మాట పెగలదని రాసి ఉంటుంది. ఆ మాటలు రాయడం అమ్మకు నేర్పింది ఆ పోయిన మనిషే. ఆ సంగతి నలుగురికీ చెప్పాలని ఇది రాస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి మూసారాంబాగ్ వైపు వెళ్ళే సందుల్లో ఒకదానిలో టీచరమ్మ ఇల్లు. వెనక రెండు గదుల్లో మేము కిరాయికి ఉండేవాళ్ళం. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన కుటుంబం మాది. నాన్న ఆటో నడిపేవాడు, అమ్మ ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుట్టేది, నాయనమ్మ మాతోనే ఉండేది. టీచరమ్మది గుంటూరు వైపు. భర్త ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి, చిన్నపిల్లల బడిలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైంది. భర్త పోయాక ఒక్కతే ఉండేది. కూతురు విజయవాడలో.

ఆమె సంచిలో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. కూరగాయలకు వెళ్తూ మూలమీది టిఫిన్ బండి దగ్గర ఆగి, పలక మీద 'ఇడ్లి' అని ఉంటే తనే దీర్ఘం పెట్టేది. "దీర్ఘం పెట్టు నాయనా, ఇడ్లీ కాస్త పెద్దదిగా కనబడుతుంది" అనేది. బండివాడు నవ్వి ఇంకో చట్నీ వేసేవాడు.

అమ్మకు చదువు రాదన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ లోటుగా అనిపించలేదు. అందరికీ అలవాటైపోయింది. నాయనమ్మకు కంటి ఆపరేషన్ అయిన వారం దాకా అంతే. అప్పుడే ఆమెకు చెవిపోటు కూడా వచ్చింది. కంట్లో వేసే చుక్కలూ చెవిలో వేసే చుక్కలూ చూడటానికి ఒక్కలాంటి సీసాలే. నాన్న ఆటో తీసుకుని వెళ్ళిపోయాడు, నేను బడికి వెళ్ళాను. అమ్మ చెవి మందు కంట్లో వేసింది.

నాయనమ్మ కేక విని టీచరమ్మ ముందు గుమ్మం నుంచి పరుగెత్తుకొచ్చింది. చెంబుతో నీళ్ళు పోస్తూ కన్ను కడిగి, దొరికిన ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు చూసి, కంటికేం ప్రమాదం లేదన్నాడు. కానీ అమ్మ ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. మెట్ల మీద కూర్చుని, "నా చేతులతోనే ముసలామె కన్ను తీస్తుంటిని టీచరమ్మా" అని ఏడ్చింది.

టీచరమ్మ ఓదార్చలేదు. లోపలికి వెళ్ళి రెండు చీటీలు రాసి, ఒక్కో సీసాకు ఒకటి అంటించి తెచ్చింది.

"ఇది కన్ను. ఇది చెవి. బాగా చూసుకో అమ్మాయ్."

"గవి నాకేం తెలుస్తయి? నాకు అ ఆలే రావు."

"అ ఆలు ఎక్కడికీ పోవు, తర్వాత చూద్దాం. ముందు మీ అత్తగారి కన్ను సంగతి చూడు."

అమ్మ చదువు అలా మొదలైంది. 'న' కింద 'న' ఎలా కూర్చుంటుందో చూపుడు వేలితో చాప మీద గీసి గీసి నేర్చుకుంది. ఆ తర్వాత వంటింటి డబ్బాలు వచ్చాయి. ఉప్పు, సోడా, పసుపు. ఆ వారం ఏ మాట అవసరమైతే ఆ మాటే పాఠం. "పనికొచ్చే మాట మనసులో తొందరగా కూర్చుంటుందమ్మా" అనేది టీచరమ్మ. జాకెట్లు ఇచ్చే ఆడవాళ్ళ పేర్లు గుడ్డల మీద సుద్దతో రాసుకునే దాకా వచ్చింది అమ్మ.

అప్పుడే ఉద్యమం ముదిరింది. ఇవాళ బంద్, రేపు ధర్నా. బస్సులు ఆగేవి, బడులు మూసేవాళ్ళు, నాన్న ఆటో గుమ్మం ముందే ఉండేది. సందుల్లో గోడలన్నీ రాతలతో నిండిపోయాయి. సాయంత్రం రోడ్డు సద్దుమణిగాక టీచరమ్మ అమ్మను వెంటబెట్టుకుని మూసారాంబాగ్ దాకా నడిచేది.

"ఇంత పెద్ద అక్షరాలు ఏ పుస్తకంలో దొరుకుతాయి అమ్మాయ్? చదువు."

నేను కూడా వెంట నడిచేదాన్ని. అమ్మ మొదట 'జై' చదివింది. పక్క మాట దగ్గర నిలబడిపోయింది. తె, లం, గా. చివరి అక్షరం తెలియలేదు. "నాలుక మడతపెట్టు, ణ" అంది టీచరమ్మ. అమ్మ పూర్తిగా చదివి, రోడ్డు మీదే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "గిదేనా! రోజూ ఒర్రేది గిదేనా గోడ మీద ఉన్నది!"

సందులో అందరికీ ఇది నచ్చలేదు. ఎదురింటామె ఒకరోజు అమ్మను నిలబెట్టి, "ఆంధ్రామె తోని నీకేం చదువే? మన కొట్లాట ఎవరి మీదనో తెలుసా నీకు?" అంది. ఆ మాట టీచరమ్మ చెవిన పడింది. అటు విజయవాడ నుంచి కూతురు రోజూ ఫోన్ చేసి వచ్చేయమనేది. టీచరమ్మ వీధి వైపు కిటికీలు మూసేసింది. కూరగాయలకు కూడా బయటికి రావడం మానేసింది.

రెండు రోజులు చూసి అమ్మ పలక పట్టుకుని వెళ్ళి ఆమె తలుపు కొట్టింది.

"ఏంది టీచరమ్మా, నాకు పాఠం లేదా?"

"బయట గొడవగా ఉంది కదమ్మా. నీకు మాటొస్తుంది."

"గొడవ బయట కదా ఉన్నది. మనం లోపట కూసుందాం."

టీచరమ్మ తలుపు పూర్తిగా తెరిచింది. ఆమె కళ్ళు తుడుచుకోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

ఒక బంద్ రోజు పొద్దున, నలుగురు కాలేజీ పిల్లలు రంగు డబ్బాతో వచ్చి టీచరమ్మ ప్రహరీ గోడ మీద రాయడం మొదలుపెట్టారు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అమ్మ గేటు దగ్గర నిలబడి, రాస్తున్నది రాస్తున్నట్టే పైకి చదువుతోంది. "ప్ర... త్యే... క. ప్రత్యేక. రా... ష్రం." ఆగిపోయింది.

"తమ్మీ, రాష్రమా?"

"రాష్ట్రం అక్కా."

"మరి ట ఏది?"

బ్రష్ పట్టుకున్న అబ్బాయి వెనక్కి జరిగి చూశాడు. పక్కవాళ్ళు నవ్వారు. అంతలో టీచరమ్మ తలుపు తెరుచుకుని బయటికి వచ్చింది. ఆ అబ్బాయి, "అమ్మా, గోడ ఖరాబ్ చేద్దామని కాదు..." అని నసిగాడు.

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని గోడ దగ్గరికంటా వచ్చింది. "ష కింద చోటుంది. ట వత్తు పడుతుంది. ఆ బ్రష్ ఆమెకివ్వు నాయనా, తప్పు కనిపెట్టింది ఆమె."

అమ్మ వద్దంటే వద్దంది. టీచరమ్మ బ్రష్ తీసుకుని ఆమె చేతిలో పెట్టింది. అమ్మ చెయ్యి పైకెత్తితే రంగు గాజుల మీదికి కారింది. వత్తు కొంచెం వంకరగా వచ్చినా వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎదురింటామె తన గుమ్మంలోంచి చూస్తూనే ఉంది.

"మీ రాష్ట్రం వస్తుందో రాదో నాకు తెలీదు పిల్లలూ" అంది టీచరమ్మ. "వస్తే మాత్రం తప్పుల్లేకుండా రానివ్వండి."

మరునాటి నుంచి ఆమె మళ్ళీ సంచి పట్టుకుని కూరగాయలకు వెళ్ళడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు ఎదురింటామె కూడా, తన కోడలిని తీసుకుని పలకతో వచ్చింది. ఏమీ అననట్టే వచ్చి చాప మీద కూర్చుంది. టీచరమ్మ కూడా ఏమీ విననట్టే, "మీకు ముందు ఏ మాట కావాలి?" అని అడిగింది.

రాష్ట్రం వచ్చింది. సందంతా మిఠాయి పంచుకున్న రోజు అమ్మ మొదటి లడ్డూ ఆమెకే ఇచ్చింది. "వెళ్ళిపోతారా టీచరమ్మా?" అని నేను అడిగితే, "ఎక్కడికే? నా పిల్లలంతా ఇక్కడే కదా" అంది. తర్వాతి ఏడు గోడకు సున్నం వేయించింది. వత్తు పోయిందని అమ్మ కాస్త చిన్నబుచ్చుకుంటే, "ఇంకెక్కడైనా రాయి. ఎవరొద్దన్నారు?" అని నవ్వింది.

ఇవాళ ఆమె గురించి తలుచుకుంటే నాకు ఎల్బీ నగర్‌లో ఒక మధ్యాహ్నం గుర్తొస్తుంది. కూతురి దగ్గరికి వెళ్తున్న ఆమెను విజయవాడ బస్సు ఎక్కించడానికి అమ్మా నేనూ వెళ్ళాం. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు మూటలతో నిలబడి, వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ ఉరుకుతున్నారు. "బిడ్డా, జర చూడు, గిది సూర్యాపేట పోతదా?" అని ఒక ముసలామె అమ్మ చెయ్యి పట్టుకుంది. అమ్మ బోర్డు చదివి చెప్పింది. ఇంకొకామె వచ్చింది, మరొకామె వచ్చింది. అమ్మ తల పైకెత్తి ఒక్కో బోర్డూ గట్టిగా చదువుతోంది, ఆడవాళ్ళు ఆమె చుట్టూ మూగారు. విజయవాడ బస్సు వచ్చి ఆగింది. నేను పిలిచాను. టీచరమ్మ వినిపించుకోలేదు. బస్సు కదిలి రోడ్డెక్కింది. ఆమె సంచి పక్కన పెట్టుకుని, ఎండలో కళ్ళు చిట్లించి, బోర్డులు చదువుతున్న అమ్మనే చూస్తూ నిలబడి ఉంది.