అత్త పెంచిన మాచిపత్రి

మా మేనత్త పోయిందని ఎమ్మిగనూరు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఆదోనిలో మా బడిలో పిల్లలకు చామంతి విప్పి చూపిస్తున్నాను. "ఇది ఒక పువ్వు కాదు, వందల పూల గుంపు" అనే మాట నోట్లో ఉండగానే ఫోను మోగింది. రేకలు చేతిలోనే ఉండిపోయాయి. ఆ మాట విని నాకన్నా ఎక్కువ మురిసిపోయిన మనిషి ఆమె ఒక్కతే.

అత్త, మామ ఇద్దరూ నేతపని వాళ్ళు. మగ్గం గది గోడకు అవతల, పెరట్లో, అత్త మాచిపత్రి పొద పెంచింది. వినాయక చవితి పత్రిలో మీరంతా దాన్ని చూసే ఉంటారు. చూశామని అనుకునైనా ఉంటారు! ఎందుకంటే మా సంతలో మాచిపత్రి పేరుతో వచ్చే కట్టల్లో వయ్యారిభామే ఎక్కువ. ముట్టుకుంటే దురద పెట్టే ఆ పాడు కలుపు మొక్క లేతాకు కూడా అచ్చం ఇలాగే చీలికలుగా ఉంటుంది. ఒక చవితికి, అత్త పొద తుంచడం ఎందుకులే అని, మామ సంతలో కట్ట కొనుక్కొచ్చినాడు. అత్త పడీపడీ నవ్వింది.

"అయ్యో, స్వామికి గజ్జి తెప్పిస్తావేమయ్యా! ఆయప్పకు నాలుగు సేతులుండాయి, గోక్కుంటాడులే అనుకున్యావా?"

అప్పుడే నాకు చెప్పింది: "ఆకును తిప్పి సూడల్ల పాపా. మొగం అన్నిటికీ పచ్చగానే ఉంటాది. వీపు తెల్లగుంటే మనది." చీరనూ అలాగే చూసేది. ఎవరి నేత చేతికిచ్చినా ముందు తిరగేసి, ఆ తర్వాతే మాట్లాడేది.

నల్లమల యాత్రకు పోయినప్పుడు దాని వేరుముక్కను తడిగుడ్డలో చుట్టుకుని వచ్చిందట. కొండ చల్లదనంలో పెరిగే మొక్క అది. మా ఎండలేమో రాళ్ళను కూడా పగలగొట్టే రకం. అలాంటిచోట అది నడుమెత్తు పొద అయింది. ఎట్లా బతికించినావత్తా అంటే, "బియ్యం కడిగిన నీళ్ళు పోస్తా, మద్యాన్నం గోనెపట్ట కప్పుతా. ఉండే బుద్ది దానికుండాది, ఉండాది" అనేది.

ఒకసారి అది పూతకు వచ్చింది. నూకల్లాంటి పూలు, రంగు కూడా పెద్దగా లేదు. "ఇది చామంతికి చుట్టమే అత్తా, దీంట్లో కూడా ఒక్కోటి ఒక గుంపు" అన్నాను. నమ్మలేదు. లోపలికి పోయి, బట్టలో పోగులు చూసే చిన్న భూతద్దం తెచ్చింది. పువ్వు మీద ఆనించి వంగింది. ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

"ఇంతదాంట్లో ఇన్నా! పాపా, దీన్ని ఎవురు నేసినారే!"

అద్దం నా చేతికిచ్చింది. నేనూ చూశాను. ఇద్దరం పిచ్చివాళ్ళలా ఒకరి చేతిలోంచి ఒకరం అద్దం లాక్కుంటూ, పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాం.

"నేను పోయినప్పుడు మాలలో దీని రెమ్మ ఒకటి కట్టండి. వాసన లేకుండా పంపొద్దండి" అని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. ఆమె అడిగింది అదొక్కటే.

ఫోను వచ్చిన రోజు బస్సు దిగి ఇంటికి చేరేసరికి, షామియానా కోసం వీధివాళ్ళు పెరడంతా చదును చేసేశారు. "ఆడంతా వయ్యారిభామ ఉంటే పీకేసినామక్కా" అన్నారు పాపం, మంచి చేశామనుకుని. మూలన తొక్కి తుక్కు చేసిన పెద్ద కుప్ప, అత్త పొద కూడా అందులోనే. మామ దాన్నే చూస్తూ కూర్చున్నాడు. పాడె సిద్ధమవుతోంది. సంగతి చెప్పగానే పీకినవాళ్ళూ, ఏడుస్తున్న ఆడవాళ్ళూ అందరూ వచ్చి కుప్ప చుట్టూ కూర్చున్నారు. ఆకు ఆకునూ తిప్పి చూడటం మొదలుపెట్టారు.

"ఇది కాదు."

"దీని వీపూ పచ్చగుండాది."

చివరికి పక్కింటి పిన్నమ్మ గట్టిగా అరిచింది. "ఇదో, తెల్లగుండాది!" నలిపి చూశాను. ఆ వాసన! వాడిపోయిన ఆ రెమ్మనే మాలలో కట్టి పంపాం. పొద మాత్రం పోయింది.

వానలు పడ్డాక మళ్ళీ వెళ్ళాను. అత్త నేసే మగ్గం ముందు మామ ఊరికే కూర్చుని ఉన్నాడు. అది గుంట మగ్గం. నేలలో తీసిన గుంటలో కాళ్ళు పెట్టుకుని తొక్కుతూ నేయాలి. ఆ గుంటలో, అత్త పాదాలు ఆనే చోట, చీలికల ఆకులతో లేత మొలక ఒకటి లేచి ఉంది.

"వయ్యారిభామ, పీకెయ్ అంటాండారు అందరూ. తిప్పి సూసేకి నాకు సెయ్యి రాలేదు పాపా. నువ్వు సూడు" అన్నాడు.

గుంటలోకి దిగి ఆకు తిప్పాను. తెల్లగా ఉంది. గోడ కిందుగా వేరు పాకి లోపలికి వచ్చినట్టుంది.

మామ మొలకకు తగలకుండా, గుంట అంచున వేలాడుతున్న కాళ్ళు పైకి తీసుకుని, మఠం వేసుకుని కూర్చున్నాడు.